హైదరాబాదు పేరు దాల్చిన బాంబు విమానములు

లండను మహానగరమునందలి హెండను అను చోట బ్రిటిషు వైమానిక దళమువారి ప్రదర్శనశాల యొకటి కలదు. అందు ఒకదానిపై నొకటిగా రెండు వరుసల రెక్కలుగల ప్రాతవిమాన మొకటి నిలిపియున్నారు. దాని జాతి డి.హెచ్. 9ఏ. దాని సంఖ్య ఎఫ్ 1010. దాని ప్రక్కభాగమున, ఇయ్యది హైదరాబాదు నిజాము ప్రభువు బహూకరించినదనియు, “హైదరాబాదు నెం. 12ఏ” అనియు ఇంగ్లీషు అక్షరములలో వ్రాయబడియున్నది. పండ్రెండు పిమ్మట పదుమూడు రావలెను గదా, ఈ 12ఏ యేమి యని చదువరులకు సందేహము కలుగవచ్చును. పదుమూడు అశుభసంఖ్య యని పాశ్చాత్యుల నమ్మిక. దానిని తప్పించుటకే యట్లు వ్రాసిరి కాబోలు నని మా యూహ. అశుభసంఖ్య తప్పినను ఆపద తప్పలేదు. ఆ విమానము 1918 వ సంవత్సరము అక్టోబరు 5 వ తేదీన జర్మనీదేశమున శత్రువుల పాలయ్యెను.

మన కులసంఘ వార్షిక సంచికలో గోత్రప్రవరలను గూర్చియు, పూర్వపు శిల్పాచార్యులను గూర్చియు వ్రాయుట వాడుక. ఎక్కడి లండను, ఎక్కడి తిమ్మాజిపేట, ఈ విమానములగోల మనకేల యని పెద్దలు కొందరు ప్రశ్నింపవచ్చును. అందులకు మేము రెండు కారణములు మనవి చేయుచున్నాము. మొదటిది ధనమునకు సంబంధించినది. నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనున్న మన తిమ్మాజిపేట, 2016 వరకు మహబూబ్‌నగరు జిల్లాలోనిది; 1948 వరకు ఆ జిల్లా నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యపు ఖజానాకు ముఖ్యాధారము భూమిశిస్తు. దివానీ గ్రామములైన నేమి, ప్రభువు స్వంతమగు సర్ఫేఖాసు గ్రామములైన నేమి, రాబడి యంతయు నాగటిచాలునుండి వచ్చినదే. ఆ నాగలి చెక్కినవాడు మన వడ్రంగి. కఱ్ఱు కాచినవాడు మన కమ్మరి. రెండవ కారణము విమానమునకే సంబంధించినది. ఆ కాలపు విమానము కొయ్యయు, బట్టయు, ఇనుపతీగయు కలిసిన పనితనము. దానిని చూచు కన్ను మనవారికి పుట్టుకతో వచ్చినది. కావున ఈ చరిత్రను మనవారి కంటితో నొకమారు చూచుట యసంగతము కాదని మా విశ్వాసము.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున 1917 నవంబరు 1 వ తేదీన ఇంగ్లండునందలి రెండ్‌కోంబు అను చోట 110 వ స్క్వాడ్రను, అనగా వైమానిక దళము, స్థాపింపబడెను. డి.హెచ్. 9ఏ విమానములతో యుద్ధమునకు పోయిన మొట్టమొదటి దళ మిదియే. దాని తొలి విమానములకు వలసిన ధనమును మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభువు బహూకరించెను. అందువలన ఆ విమానములపై హైదరాబాదు పేరును, వరుససంఖ్యయు వ్రాయబడెను. దళమునకే “హైదరాబాదు దళ” మను పేరు కలిగెను. 1918 ఆగస్టు చివర నీ దళము ఫ్రాన్సుదేశమున బెటన్‌కూరు అను గ్రామమునకు చేరి, ట్రెంచార్డు సేనాని యాజ్ఞకు లోబడిన స్వతంత్ర వైమానిక సేనలో కలిసెను. జర్మనీదేశమునందలి కర్మాగారములపైనను, రైలుకూడళ్లపైనను, విమానాశ్రయములపైనను పగటివేళ బాంబులు వేయుట యా సేనలోని యిట్టి దళముల పని.

ఇక విమానము సంగతి. దాని యస్థిపంజరము స్ప్రూసు మొదలగు తేలికకొయ్యతో చేయబడినది. రెక్కలోపల నీ చివరనుండి యా చివరకు పోవు దూలములును, వానిపై నడ్డముగా పక్కటెముకలవలె పలుచని చెక్కలును ఉండును. వీని నన్నింటిని ఇనుపతీగలతో వీణతంత్రుల వలె బిగించి, అవిసెనారతో నేసిన బట్టను పైన తొడిగి, ఆరిన కొలదిని బిగియు నొక పూతను పూయుదురు. ముందు భాగమున 400 అశ్వశక్తిగల అమెరికా యంత్రము, లిబర్టీ యను పేరుగలది. ఒక తీగ సడలినను, ఒక యతుకు విడినను, పూత పగిలి బట్ట చినిగినను, పదునైదువేల యడుగుల యెత్తున దానిని సవరించువాడు లేడు. మన పల్లెలో బండియిరుసు విరిగినచో రైతు బండి దిగి వడ్రంగి యింటికి నడచిపోవును. విమానమునకు దిగుట యనగా పడుటయే.

అందు కూర్చుండువారు ఇద్దరు. ముందు చోదకుడు, వెనుక పరిశీలకుడు. బాంబు వేయుటయు, తుపాకి పేల్చుటయు, దారి చూచుటయు వీరి విధులు. పైకప్పు లేదు. పైకి పోయిన కొలది చలి హెచ్చి చేతివేళ్లు కొయ్యబారును; గాలి పలుచనై తల తిరుగును. తుపాకిలోని నూనె గడ్డకట్టి యది పేలకపోవుటయు కలదు. గంటల తరబడి యట్లు కూర్చుండవలెను. అన్నిటికంటె దారుణమైన సంగతి యొకటి కలదు. నేడు వైమానికులు కట్టుకొను పారాచూటు, అనగా ప్రాణరక్షణకైన గాలిగొడుగు, ఆ యుద్ధమున బ్రిటిషు విమానములలోని వారి కీయబడలేదు. పరిశీలకబుడగలలో నుండువారికి మాత్రము అది యుండెను. విమానమున నిప్పంటుకొన్నచో ఎక్కినవారికి రెండే మార్గములు: మంటలో కూర్చుండుట, లేక దూకుట. పెట్రోలుతొట్టి యెదుటనే యుండును. శత్రువు గుండు దానిని తాకునేమో యన్న భయముతోనే వారు బయలుదేరి, ఆ భయముతోనే మరలి వచ్చెడివారు.

ఒంటరిగా చిక్కిన విమానము బ్రతుకుట యరుదు. అందుచే కొంగలబారువలె ముక్కోణపు వరుసలో ఒకరినొకరు కాచుకొనుచు పోవుట యాచారము. ఒకని యంత్రము మందగించి వెనుకబడెనా, జర్మను యుద్ధవిమానములు ముందుగా వానినే చుట్టుముట్టును. మబ్బు కమ్మినచో వరుస విరిసిపోవును. వరుస విరిసినచో అందరును ఒంటరులే.

ఈ దళము తొలిదాడి 1918 సెప్టెంబరు 14 వ తేదీన జరిగెను. అదే నెల 25 వ తేదీన ఫ్రాంకుఫర్టు నగరముపైకి పోయినప్పుడు నాలుగు విమానములు తిరిగి రాలేదు. అక్టోబరు 5 వ తేదీన కైజర్స్‌లౌటర్ను, పిర్మసెన్సు పట్టణములపై జరిగిన దాడిలో మేము పైన చెప్పిన 12ఏ విమానము పోయెను. దానిని నడపినవాడు కెప్టెన్ ఇంగ్లిస్, వెనుక కూర్చున్నవాడు లెఫ్టినెంటు బాడ్లీ. వారు దిగగలిగి, ప్రాణములతో చెరపట్టబడిరి. అదృష్టవంతులనియే చెప్పవలెను. అక్టోబరు 21 వ తేదీన కొలోను నగరమునకై బయలుదేరిన దళము మబ్బులలో చిక్కి చెదరిపోగా, ఏడు విమానములు ఒక్క దినముననే పోయెను. దళనాయకుడును చెరలో పడెను. నవంబరు 11 వ తేదీన యుద్ధము నిలిచిపోయెను.

రెండు నెలలు నిండని యీ కాలములో దళము వేసిన బాంబులు పదిన్నర టన్నులు. దాడులలో శత్రువుల పాలైన విమానములు 17. ప్రమాదములవలన ముక్కలైనవి 28. ఈ రెండవ సంఖ్యను చదువరులు నిదానించి చూడవలెనని మా ప్రార్థన. యుద్ధమనగా శత్రువు గుండు తగిలి చచ్చుటయే యని మనము తలతుము. కాని శత్రువు తీసికొన్నదానికంటె ఎగురునప్పటి, దిగునప్పటి ప్రమాదములు తీసికొన్నదే హెచ్చు. మొత్తము 45 విమానములు. ఇట్టి దళమున సాధారణముగా నొకమారు ఉండునవి 18 కాగా, దళమంతయు రెండుమార్లకు మించి తుడిచిపెట్టుకొనిపోయి మరల నిండినదన్నమాట. బహూకరింపబడిన తొలి విమానములలో ఎన్ని మిగిలియుండునో యూహింపవచ్చును.

ఆ సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే మన ప్రాంతమున నేమి జరుగుచుండెనో స్మరించుట న్యాయము. ఫసలీ 1327 ముగిసి 1328 ప్రారంభమగుచున్న సమయమది. ఆ యేట దక్కను దేశమున వానలు తప్పినవి. పొలములు ఎండినవి. దానిపై ఇన్‌ఫ్లుయెంజా యను విషజ్వరము ఊరూర వ్యాపించి, చచ్చినవారిని మోయుటకు మనుష్యులు చాలని స్థితి వచ్చెను. మన వృత్తులవారికి పంటకాలమున కళ్లములో రైతు కొలిచి యిచ్చు మేరయే జీవనాధారము. పంట లేనిచో మేర లేదు. మేర లేకున్నను వెట్టి మాత్రము తప్పదు. దొరవారి బండిచక్రమునకును, దౌరా వచ్చిన యధికారుల గుడారపు మేకులకును కూలి యడుగు నధికారము మనవారికి లేదు. ఇట్టి రాజ్యమునుండి ఫ్రాన్సుదేశపు యుద్ధమునకు విమానములు కానుకగా పోయినవి. వానిపై దాత పేరు ఉండెను. ఎక్కి చచ్చినవారి పేరు లేదు. శిస్తు కట్టినవాని పేరు లేదు. ఆ రెక్కను చెక్కిన పనివాని పేరు మొదలే లేదు. ప్రభువును దూషించుట మా యుద్దేశము కాదు. ఆ కాలమున స్వదేశప్రభువు లందరును యథాశక్తిగా నట్టి కానుక లిచ్చినవారే. అయినను లెక్క వ్రాయునప్పుడు నాలుగు పద్దులును వ్రాయవలెనని మాత్రము మేము కోరుచున్నాము.

అయిదవ పద్దు నొకటి యున్నది. బాంబు క్రింద నున్నవారు. ఆ పదిన్నర టన్నులును రైలుకూడళ్లమీదనే పడెనని యెవ్వరును ప్రమాణము చేయజాలరు. అంత యెత్తునుండి, గాలిలో, ఆ నాటి యుపకరణములతో గురి కుదురుట దుర్లభము. వైమానికుల యాపదను తలచి కన్నీరు పెట్టువారు, వారి బాంబు పడిన వీధిలోని తల్లులనుగూడ తలచుట ధర్మము.

యుద్ధానంతరము దళము రద్దు చేయబడి, 1937 లో మరల నేర్పడెను. దానికి “హైదరాబాదు” నామము నిలిచెను. దళచిహ్నముగా కిరీటమునుండి పైకి లేచుచున్న పులిబొమ్మను స్వీకరించిరి. ఆ పులి నిజామువారి రాజచిహ్నమునుండి వచ్చినది. భయపడను, తృణీకరింపను అని యర్థము వచ్చు లాటిను వాక్యము దళమునకు నినాదమయ్యెను. (152, 253 సంఖ్యలుగల మరి రెండు దళములకును హైదరాబాదు పేరు కలిగెను గాని, అవి బాంబుదళములు కాక యుద్ధవిమాన దళము లగుటచే వాని ప్రస్తావన యిచట విడిచితిమి.)

1939 సెప్టెంబరు 3 వ తేదీన బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. మరునాడే, అనగా 4 వ తేదీన, బ్రిటిషు బాంబుదళముల తొలిదాడి విల్‌హెల్మ్స్‌హావెన్ రేవులోనున్న జర్మను యుద్ధనౌకలపై జరిగెను. ఆ దాడికి ముందు నడచినది మన హైదరాబాదు దళమే. దాని నాయకుడు కెన్నెత్ డోరన్. ఈమారు విమానములు లోహముతో చేసిన బ్లెన్‌హీములు, ఒక్కొక్కదానిలో ముగ్గురు. మబ్బు సముద్రమునకు దగ్గరగా క్రమ్మియుండుటచే వారు మిక్కిలి తక్కువ యెత్తున పోవలసివచ్చెను. ఆడ్మిరల్ షేర్ అను నౌకపై నావికులు ఉతికి యారవేసిన బట్టలు కనుపించినవని డోరన్ పిమ్మట చెప్పెనట. అంత దగ్గరగా పోయి వేసిన బాంబులు నౌకకు తగిలియు పేలలేదు! ప్రాణము పణముగా పెట్టి తీసికొనిపోయిన బాంబు పేలకపోవుటకంటె వైమానికునకు వేరొక యవమానము కలదా? హైదరాబాదు దళమునుండియు, 107 వ దళమునుండియు ఐదేసి చొప్పున పోయిన పది విమానములలో ఐదు నష్టమయ్యెను. అందు 107 వ దళమునవి నాలుగు, హైదరాబాదు దళమునది యొకటి. ముందుగా పోయినవారు శత్రువు మేల్కొనకమున్నే దాటిపోయిరి. వెనుక వచ్చినవారు మేల్కొన్న తుపాకులకు చిక్కిరి. ఆ యుద్ధమున వైమానికపతకములు తొలుత పొందినవారిలో డోరన్ ఒకడు. 1940 ఏప్రిలులో నార్వే ప్రాంతమున విమానము కూలగా చెరపట్టబడి, యుద్ధము ముగియువరకు ఖైదులోనే యుండెను.

ఆ యుద్ధమంతటిలో బ్రిటిషు బాంబర్ కమాండున పనిచేసిన వైమానికులు సుమారు 1,25,000 మంది. చనిపోయినవారు 55,573 మంది. ఎక్కిన ప్రతి ఐదుగురిలో ఇద్దరికి మించి తిరిగి రాలేదు. ఈ లెక్కకు వ్యాఖ్య యవసరము లేదు.

1942 లో యుద్ధము మన గుమ్మము తట్టెను. ఆ సంవత్సరము ఏప్రిలు 6 వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. ఆ వార్త నిజాము రాజ్యమునకును ప్రాకెను. బేగంపేటయందు నూతన వైమానికులకు ప్రాథమిక శిక్షణ నిచ్చు పాఠశాల నడచుచుండెను. ఆ యేడే హైదరాబాదు దళమును హిందూదేశమునకు తరలించిరి. ఆ దళమునకు వెంజెన్సు అను అమెరికా విమానముల నిచ్చి, 1943 నుండి బర్మా సరిహద్దున జపానువారిపై ప్రయోగించిరి. అప్పటి భారత వైమానిక దళములోని 7, 8 వ దళములును ఈ జాతివిమానములనే నడపినవి. గ్రద్ద కోడిపిల్లపై వ్రాలునట్లు తల క్రిందుగా నిట్టనిలువున దూకి, బాంబు విడిచి, మరల పైకి లేచుట దీని పద్ధతి. లేచుట ఒక్క క్షణ మాలస్యమైనచో విమానము బాంబును వెంబడించి నేలను చేరును.

1944 చివర దళమునకు మస్కిటో విమానములు వచ్చుచుండెను. ఈ ఘట్టమును మనవారు శ్రద్ధతో చదువవలెనని మా కోరిక. లోహయుగమున నీ విమానము మరల కొయ్యతోనే చేయబడెను! బిర్చి కొయ్యపలకల నడుమ తేలికయగు బాల్సా కొయ్య నుంచి, సరేసుతో నతికి, అచ్చుపై వంచి దీనిని నిర్మించిరి. యుద్ధకాలమున లోహము కొరవడుటయు, కుర్చీలు బల్లలు చేయు వడ్రంగుల పనితన మూరక పడియుండుటయు ఇందులకు కారణము. ఇద్దరే కూర్చుండు నీ విమానము ఆనాటి యత్యంతవేగముగల విమానములలో నొకటి యయ్యెను. లోహమే గొప్ప, కొయ్య మోటు అని యిప్పటికిని తలచు మన యువకులు దీనిని గమనింతురు గాక.

కాని యా సంవత్సరము అక్టోబరులో, హిందూదేశమున కొన్ని మస్కిటోలు శత్రువు లేని యాకాశముననే రెక్క విరిగి కూలెను. నవంబరులో ఈ ప్రాంతమునందలి మస్కిటోల నన్నింటిని నేలకు దించి పరీక్షించిరి. మొదట అందరును మన దేశపు ఎండను, వానను, తేమను నిందించిరి. పాలవిరుగుడునుండి తీసిన సరేసు తేమకు మెత్తబడినదని కొందరు, వర్షఋతువున కొయ్య ఉబ్బి పిమ్మట కుదించుకొన్నదని కొందరు చెప్పిరి. పిమ్మట విప్పి నిదానముగా చూడగా, కొన్ని విమానములలో రెక్కదూలమునకును, పైపలకకును నడుమ అతుకు సరిగా కలియక సందు మిగిలియుండెనని తేలెను. అనగా దోషము ఋతువుది కాదు, పనిది. వేల మైళ్ల దూరమున నొక కర్మాగారమున, త్వరపెట్టు యజమానుని క్రింద, ఎవ్వడో యొక పనివాడు చిత్రిక నొక్కమారు తక్కువ పట్టెను. పైపూత పూసిన పిదప ఆ సందు ఎవ్వరికిని కనుపడలేదు. ఎక్కిన యిద్దరకు మాత్రము అది గాలిలో తెలియవచ్చెను. అప్పుడు ఆ యతుకుమీదుగా నొక పలుచని చెక్కపట్టీని నిడువున అతికి బలపరచిరి. మరింత గట్టి సరేసును వాడుకలోనికి తెచ్చిరి. మన మగ్గపు గుంజలోనో, ద్వారబంధములోనో సందు మిగిలినచో పెద్దలు ఉలి తీసికొని తలపై మొట్టెడివారు. వారు కోపిష్ఠులని మనము చిన్ననాట తలచితిమి.

ఆ మస్కిటోలతో హైదరాబాదు దళము 1945 లో బర్మాయందు పోరాడెను. జపాను లొంగిన పిదపను, ఆ వార్త చేరని కొందరు జపాను సైనికులపై 1945 ఆగస్టు 20 వ తేదీన సిట్టాంగు నదికి తూర్పున దాడి చేసిన దీ దళమే. ఆ మహాయుద్ధమున బ్రిటిషు బాంబుదాడుల యారంభమునను, అంతమునను హైదరాబాదు పేరే యుండుట చిత్రము. ఇంత జరిగినను, ఆ పేరుగల విమాన మొకటి యాకాశమున నున్నదని మన తిమ్మాజిపేట సంతలో నెవ్వరికైన తెలిసియుండునా యని మా సందేహము. దళము తుదకు 1971 ఫిబ్రవరిలో రద్దయ్యెను.

ఇక 12ఏ సంగతి. జర్మనులు దానిని కాల్చివేయక దాచిరి. 1936 లో బెర్లిను నగరమున తెరువబడిన వైమానిక ప్రదర్శనశాలలో దానిని పట్టుబడిన వస్తువుగా నిలిపిరి. రెండవ యుద్ధమున ఆ నగరముపై బ్రిటిషు బాంబులు కురిసినప్పుడు, నాడు బాంబులు మోసిన యా ప్రాతవిమానమే బాంబులకు వెఱచి పోలండునకు తరలింపబడెను. యుద్ధము ముగిసిన పిదప క్రాకో నగరపు ప్రదర్శనశాలలో చాలకాలము పడియుండెను. 1977 లో బ్రిటిషువారు తమ స్పిట్‌ఫైరు విమాన మొకటి పోలండువారికిచ్చి, మార్పుగా దీనిని తెచ్చుకొనిరి. అప్పటికి దేహము మాత్రము మిగిలి, రెక్కలు లేవు. క్రొత్త రెక్కలను ప్రాతకొలతల ప్రకారము కొయ్యతోనే చేయించి, బట్ట తొడిగించి, పూత పూయించి నిలబెట్టిరి. నిజాము ప్రభువు పేరు ప్రక్కన మరల చక్కగా కనబడునట్లు చేసిరి. ఆ రెక్కలు చేసిన వడ్రంగుల పేర్లు ఆ విమానముపై లేవు.